మా అత్తగారు, నా దగ్గు

మా ఆవిడ పోయాక ఇంట్లో ఇద్దరం మిగిలాం, నేనూ మా అత్తగారూ. మాకు పిల్లలు లేరు. మామగారు పోయినప్పటినుంచీ అత్తగారు ధవళేశ్వరంలో మా దగ్గరే ఉంటున్నారు. అన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఒకే గిన్నెలో వండింది తిని, మేమిద్దరం ఒక్కసారి కూడా ఒకరితో ఒకరం మాట్లాడుకోలేదు.

తగాదా ఏమీ లేదు. అత్తగారు పెరిగిన పద్ధతి అది. వాళ్లింట్లో ఆడవాళ్లు అల్లుడి ఎదుటపడరు, అతనితో నేరుగా మాట్లాడరు. చెప్పాల్సింది గుమ్మానికి అవతల నిలబడి కూతురితో చెబుతారు. కూతురు మొగుడితో చెబుతుంది. పెళ్లైన కొత్తలో నాకిది చాదస్తంగా తోచింది. ఒకటి రెండుసార్లు నేనే చొరవ తీసుకొని "భోంచేశారా అండీ" అని అడిగాను. ఆవిడ కంగారుపడి పెరట్లోకి వెళ్లిపోయారు. మా ఆవిడ వచ్చి, ఎందుకలా భయపెడతారు అని నన్ను కోప్పడింది. అప్పటినుంచి నేనూ పద్ధతిలోకి వచ్చాను. తను హాలుకీ వంటింటికీ మధ్య నిలబడి, కాఫీ చల్లారిపోతోందంటోంది మా అమ్మ అని ఇటు, వస్తున్నారుట అని అటు చెప్పేది. ఎవరి మాట ఏమిటో ఇద్దరికీ సగం వినపడుతూనే ఉండేది. అయినా తను వచ్చి చెప్పేదాకా నేను కుర్చీలోంచి లేచేవాణ్ణి కాదు. లేస్తే ఆవిడ మాట నేరుగా విన్నట్టవుతుంది.

తన జబ్బు గురించి, పోయిన రోజు గురించి ఇక్కడ రాయను. దానికి సరిపడే వాక్యాలు నా దగ్గర లేవు. ఇతరుల దగ్గర మాత్రం చాలా ఉన్నాయని తరువాత తెలిసింది. వీధి మొదట్లో కట్టిన ఫ్లెక్సీలో తనని మబ్బుల మీద కూర్చోబెట్టారు, అటూ ఇటూ రెండు హంసలు. మేడ మీద బట్టలు ఆరేయడానికి కూడా పిట్టగోడ దగ్గరికి వెళ్లేది కాదు తను. ఎత్తంటే అంత భయం. పరామర్శకి వచ్చినవాళ్లు సహనమూర్తి అన్నారు, అన్నపూర్ణ అన్నారు. నేను తలూపాను. ఆ మాటల్లో తను ఎక్కడా కనపడలేదు.

పెద్దకర్మ అయిన సాయంత్రం అత్తగారి తమ్ముడు నన్ను వరండాలోకి పిలిచారు. ఆయనది కోరుకొండ, నేను మావయ్యగారూ అంటాను. నెల మాసికం కాగానే అక్కను తనతో తీసుకెళతానన్నారు. కూతురే లేకపోయాక అల్లుడింట్లో అత్తగారు ఉండటం బాగోదన్నారు. మంచి మనిషి, మంచిగానే చెప్పారు. నేను సరేనండీ అన్నాను. అనకూడని మాట అది. ఆవిడ వెళ్లిపోవడం నాకు ఇష్టం లేదు. మా ఆవిడ చిన్నప్పుడు ఎలా ఉండేదో, దేనికి ఏడ్చేదో తెలిసిన మనిషి భూమ్మీద ఆవిడ ఒక్కరే. ఆవిడ కూడా వెళ్లిపోతే ఇంట్లో తన గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అవుతాను, అదీ సగమే.

ఉండిపొమ్మని అడగాలి. ఎలా అడగాలి? నాకూ ఆవిడకీ మధ్య మాట మోసే మనిషే పోయింది. ఈ సంగతిలో మావయ్యగారి చేత అడిగించడం కుదరదు, తీసుకెళ్లేది ఆయనే కాబట్టి. పక్కింటివాళ్ల చేత అడిగిస్తే మధ్యాహ్నానికి కాటన్ బ్యారేజీ దాకా తెలిసిపోతుంది. పైగా ఆవిడకి ఉండాలని ఉందో, వెళ్లాలని ఉందో నాకు తెలియదు. అదీ ఆవిడనే అడగాలి.

చుట్టాలందరూ వెళ్లిపోయాక ఇల్లు నిశ్శబ్దమైంది. మేం గిన్నెల చప్పుళ్ల మీద సంసారం నడిపాం. కాఫీ అయితే ఆవిడ గ్లాసు గట్టు మీద టక్కుమని పెట్టేవారు. భోజనమైతే గరిటెతో గిన్నె అంచు మీద కొట్టేవారు. నేను వస్తున్నానని తెలియడానికి గొంతు సవరించుకునేవాణ్ణి. ఒకరోజు ఆవిడ చేతిలోంచి గరిటె జారిపడితే నేను చేతులు కడుక్కొని వచ్చి పీట మీద కూర్చున్నాను. అప్పుడే కూరలు తరుగుతున్నారు. నేను లేచి వెళ్లిపోయేదాకా ఆవిడ గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఆ నిశ్శబ్దంలోనే నా దగ్గు బయటపడింది. అంతకుముందు కూడా ఉండే ఉంటుంది, జనంలో ఎవరికీ వినపడలేదు. పొడిదగ్గు. పొద్దున మొదలై సాయంత్రానికి పెరిగేది. రాజమండ్రి వెళ్లి డాక్టరుకి చూపించుకున్నాను. ఎక్స్‌రే శుభ్రంగా ఉందన్నాడు. సిరప్ రాస్తూ, ఇంట్లో పొగతాగేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరండీ అన్నాను. నిజమే చెప్పాను.

పక్కింటావిడ పెద్దకర్మ రోజుల్లో ఊళ్లో లేదు. తిరిగి రాగానే పరామర్శకి వచ్చింది. ఫొటోకి దండ వేసి, అగరొత్తులు వెలిగించి, ఫొటో ముందున్న అరటిపండుకి గుచ్చింది. వచ్చినవాళ్లందరూ గుచ్చినవి గుచ్చగా ఆ పండు అప్పటికే ముళ్లపందిలా ఉంది. తరువాత నా ఎదురుగా కూర్చుంది. దేవుడికి కూడా మంచివాళ్లే కావాలి అన్నయ్యగారూ అంది. నేను తలూపాను. ఇంక ఏమనాలో ఆవిడకి తెలియలేదు, నాకూ తెలియలేదు. ఫ్యాను వైపు చూసింది. అప్పుడు నేను దగ్గాను.

ఆవిడ ముఖం తేటపడింది. కుర్చీలో ముందుకు జరిగి, వాము ఆకు కాస్త సెగ చూపించి, రసం పిండి, తేనెతో పుచ్చుకోమంది. వాళ్ల మనవడికి రెండు పూటల్లో తగ్గిందంది.

వంటింటి గుమ్మానికి వేసిన కర్టెన్ వెనకనుంచి మాట వినపడింది. పెద్దకర్మ తరువాత నేను విన్న అత్తగారి మొదటి మాట అది.

"వామాకు చంటిపిల్లలకి అమ్మాయ్. ఆయనకి మిరియాలూ శొంఠీ కాచి ఇస్తాను, తాగమను."

పక్కింటావిడ నావైపు తిరిగింది. "మిరియాల కషాయం ఇస్తారంట, తాగమంటున్నారండీ."

"తాగుతానని చెప్పమ్మా."

"తాగుతారంట పిన్నిగారూ."

"పెరుగు మానెయ్యమను."

"పెరుగు మానెయ్యమంటున్నారు."

"పెరుగు మానడం కష్టమని చెప్పు."

"కష్టమంట పిన్నిగారూ."

"దగ్గడం సుఖంగా ఉందేమో అడుగు."

పక్కింటావిడ తెలివైంది. ఈపాటికి కుర్చీ జరుపుకొని హాలుకీ వంటింటికీ సరిగ్గా మధ్యలో కూర్చుంది. పెరుగు మీద చాలాసేపు బేరం నడిచింది. చివరికి మధ్యాహ్నం మజ్జిగకి అనుమతి దొరికింది, అదీ వాము వేసి. వెళ్లేటప్పుడు పక్కింటావిడ చెప్పులేసుకుంటూ, రేపొచ్చి ఎలా ఉందో చూస్తానండీ అనేసి నాలుక కరుచుకుంది. చావు జరిగిన ఇంటికి పరామర్శకి వచ్చినవాళ్లు మళ్లీ వస్తామని చెప్పకూడదు. వెళ్తామని కూడా చెప్పరు, ఊరికే లేచి వెళ్లిపోతారు. ఆవిడ భయంభయంగా కర్టెన్ వైపు చూసింది. అత్తగారు లోపలనుంచి, "నువ్వొచ్చేది దగ్గుకి కదా, ఫరవాలేదు రా" అన్నారు.

ఆ రోజు మా ఇంట్లో పలికినన్ని మాటలు అంతకుముందు ఎన్నో రోజులు కలిపినా పలకలేదు. నేను కషాయం తాగాను. మంటెత్తిపోయింది. గ్లాసు గట్టు మీద పెడుతూ, దగ్గు వెంటనే తగ్గకపోతే బాగుండుననుకున్నాను.

తగ్గలేదు. ఆ తరువాత పరామర్శకి ఎవరు వచ్చినా, అగరొత్తులు వెలిగించి కూర్చొని, నేను దగ్గగానే ఒక మందు చెప్పారు. చెప్పినవాళ్లు పని చేసిందో లేదో చూడటానికి మళ్లీ వచ్చారు. వచ్చినప్పుడు ఊరికే రాకూడదని మళ్లీ అగరొత్తులు తెచ్చారు. ఎవరు ఏ మందు చెప్పినా కర్టెన్ వెనకనుంచి దానికి అభ్యంతరం వినపడేది. అత్తగారికి పరాయి మందుల మీద గౌరవం లేదు. ఒకావిడ అడ్డసరం ఆకు చెప్తే, అది కఫం దగ్గుకి, ఈయనది పొడిదగ్గు అన్నారు. ఇంకొకావిడ తేనెలో అల్లం చెప్తే అల్లం వేడి అన్నారు. శొంఠి అల్లమే కదా పిన్నిగారూ అని ఆవిడ అడిగింది. "ఎండాక దాని బుద్ధి మారుతుంది" అన్నారు అత్తగారు. ఆ ముక్క నాకు చేరవేయాలో అక్కర్లేదో తెలియక ఆవిడ అటూ ఇటూ చూసింది.

ప్రతి మందుకీ ఒక పథ్యం ఉంది. ఒకరు పులుపు వద్దన్నారు. ఒకరు వంకాయ, ఒకరు అరటికాయ, ఒకరు దుంపలన్నీ వద్దన్నారు. నూనె వద్దని ఒకరు, నూనె లేకపోతే గొంతు ఎండిపోతుందని ఒకరు. అత్తగారు మందులు ఒప్పుకోలేదు గానీ పథ్యాలు మాత్రం అన్నీ ఒప్పుకున్నారు. చివరికి నాకు అన్నం, బీరకాయ, మిరియాల చారు మిగిలాయి. ఒక్కడికోసం వేరే వండటం ఎందుకని ఆవిడ కూడా అదే తిన్నారు. ఇంటికి వచ్చినవాళ్లు మమ్మల్ని చూసి, దుఃఖంతో చిక్కిపోయారు పాపం అన్నారు.

నాతో ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసిన ఒక మిత్రుడు ఉన్నాడు. అతను కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకొని రోజంతా ఊరనివ్వమన్నాడు. అత్తగారికి ఇది నచ్చింది, ఎందుకో తెలియదు. బుగ్గన కరక్కాయ ఉంటే నోరు తెరవడం కుదరదు. మరునాడు పరామర్శకి ఎవరో పెద్దమనిషి వచ్చి మా ఆవిడ గుణగణాల గురించి చాలాసేపు మాట్లాడి, మీరేమంటారు అన్నట్టు ఆగాడు. నేను ఉబ్బిన బుగ్గతో తలూపాను. ఆయన కళ్లు తుడుచుకొని, మాట కూడా పెగలడం లేదు పాపం అని వీధిలో నలుగురికీ చెప్పాడు. మా ఆవిడ పనిచేసిన స్కూలు టీచర్ల వాట్సాప్ గ్రూపులో నన్ను కూడా ఎవరో చేర్చారు. అందులో ఒకరు, ఉల్లిపాయ చక్రాలు అరికాళ్ల కింద పెట్టి సాక్సులు తొడుక్కోమని వీడియో పంపారు. అది కూడా చేశాను. నా చుట్టూ తిరుగుతున్న వాసన ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టలేక అత్తగారు ఆ పూటంతా కూరగాయల బుట్ట వెతికారు.

భీమవరం నుంచి మా ఆవిడ పెదనాన్నగారి అబ్బాయి వచ్చాడు. నాకు బావమరిది. రొయ్యల చెరువులున్నాయి. పోయినప్పుడు వచ్చి వెళ్లాడు, ఇప్పుడు దగ్గు సంగతి ఫోనులో తెలిసి మళ్లీ వచ్చాడు. కారు దిగుతూనే ఒక గోనెసంచీ తెచ్చి హాల్లో పెట్టాడు. సంచీ కదులుతోంది.

"పీతలు బావగారూ. నల్లపీతలు. మిరియం దట్టించి పులుసు పెట్టుకు తాగితే ఎంత దగ్గైనా ఎగిరిపోద్దండీ."

కర్టెన్ వెనక ఏదో పళ్లెం కింద పడింది. "ఒరేయ్ అబ్బాయ్, మాసికం కాని ఇంట్లోకి నీచు తెస్తావట్రా?"

"ఇది తిండి కాదు పిన్నీ, మందు."

"ఆయన్ని సంచీ బయట పెట్టమను."

"సంచీ బయట పెట్టమంటుందండీ," అన్నాడు బావమరిది, సంచీ పక్కనే నిలబడి. "బయట ఎండగా ఉందని చెప్పండి బావగారూ, పీతలు చచ్చిపోతాయి." కంగారులో ఎవరి మాట ఎవరికి చేరవేయాలో అతనికి అర్థం కాలేదు. నేను అత్తగారికి చెప్పలేను కదా. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఉండగా సంచీ మూతి ఊడింది.

కాళ్లకి కట్టిన తాళ్లు కొన్నిటికి గట్టిగా లేవు. ఒక పీత సోఫా కిందకి వెళ్లింది. ఒకటి చెప్పుల స్టాండు వైపు పోయింది. ఒకటి తిన్నగా మా ఆవిడ ఫొటో ఉన్న టీపాయ్ దగ్గరికి వెళ్లి, దాని కింద ఆగి, రెండు కొండీలూ ఎత్తి నిలబడింది. బావమరిది రోజూ పీతల మధ్య తిరిగే మనిషే, కానీ ఫొటో కిందకి చెయ్యి పెట్టడానికి మొహమాటపడ్డాడు. అక్కకి చిన్నప్పటినుంచీ పీతలంటే పడదండీ అన్నాడు. ఇప్పుడేమీ అనదులే తియ్యి అన్నాను. అత్తగారు కర్టెన్ పక్కనుంచి చీపురు బయటికి పెట్టారు. ఆవిడ చెయ్యి మోచేతి దాకా కనపడింది. అన్నేళ్లలో ఆవిడ నాకంత దగ్గరగా రావడం అదే.

పీతలన్నిటినీ పట్టి సాయంత్రం కాలవలో వదిలేశాం. బావమరిదికి పాపం ఉత్త మిరియాల చారు పోశారు అత్తగారు. తాగి, ఇది కూడా పనిచేస్తాదండీ అన్నాడు, అంత నమ్మకం లేకుండా.

మాసికం దగ్గరపడుతోంది. మేం రోజూ బోలెడు మాట్లాడుకుంటున్నాం, అన్నీ ఇతరుల నోటి మీదుగా, అన్నీ దగ్గు గురించే. ఉండిపొమ్మనే మాట మాత్రం పక్కింటావిడ నోట్లో పెట్టలేకపోయాను. ఒకసారి, మీరు లేకపోతే కషాయం ఎవరు కాస్తారో అడగమని చెప్పబోయి, మజ్జిగలో వాము తగ్గించమని చెప్పాను.

మాసికం ఏర్పాట్లు మాట్లాడటానికి మావయ్యగారు వచ్చారు. నా పక్కన కూర్చొని, పంతులుగారితో, అనబోయి దగ్గారు. మంచినీళ్లు తాగి, పంతులుగారితో, అని మళ్లీ దగ్గారు. లేచి వరండాలోకి వెళ్లారు. అక్కడ తగ్గింది. లోపలికొచ్చి కూర్చున్నారు, దగ్గొచ్చింది. మళ్లీ వరండాలోకి వెళ్లి, గుమ్మంలో నిలబడి హాలంతా తేరిపారా చూశారు.

"అల్లుడుగారూ, రోజూ ఆ కుర్చీలోనేనా మీరు కూర్చునేది?"

"అవునండీ. వచ్చినవాళ్లకి ఫొటో పక్కనే కనపడాలి కదా."

"ఆ కిటికీలు?"

"ఫొటో ముందు దీపం ఆరిపోతుందని మూశామండీ."

ఆయన లోపలికి వచ్చారు. అరటిపండులోంచి అగరొత్తులు గుప్పెట్లతో పీకి పెరట్లో పారేశారు. కిటికీలు తెరిచారు. దీపానికి లాంతరు చిమ్నీ ఒకటి తెచ్చి పెట్టారు. నా కుర్చీని ఎత్తి వరండాలో వేశారు. చేతులు దులుపుకుంటూ, "ఇంత పొగలో కూర్చుంటే గోడ కూడా దగ్గుద్ది" అన్నారు.

వచ్చినవాళ్లందరి మందుల్లోనూ తప్పులు పట్టిన అత్తగారు ఆ పొగ సంగతి మాత్రం పట్టలేదు. ఇన్ని పుస్తకాలు చదివిన నాకూ తట్టలేదు. పరామర్శకి వచ్చి, ఒక చేత్తో దగ్గు పెట్టి, రెండో చేత్తో మందు ఇచ్చి వెళ్తున్నారు అందరూ.

దగ్గు పోయింది. ఊళ్లో అందరూ ఎవరికి వారు తమ మందే పని చేసిందనుకున్నారు. పక్కింటావిడ వామాకు అంది. ఆఫీసు మిత్రుడు కరక్కాయ అన్నాడు. భీమవరం నుంచి ఫోను చేసి, పీతల్ని చూసినా చాలండీ, గుణం అలాంటిది అన్నాడు బావమరిది. టీచర్ల గ్రూపులో ఉల్లిపాయకి దండాలు పెట్టారు. నేను ఎవరినీ కాదనలేదు. కాదంటే వాళ్లు వెలిగించిన అగరొత్తుల సంగతి చెప్పాలి.

దగ్గు లేదు కాబట్టి చూడటానికి ఎవరూ రాలేదు. ఇల్లు మళ్లీ గ్లాసుల చప్పుడులో పడింది. పెరుగు కంచంలోకి వచ్చింది. ఎంత కమ్మగా ఉండాలో అంత కమ్మగా లేదు. మాసికం జరిగింది. మావయ్యగారు మరునాడు కారు తెస్తానని వెళ్లారు.

తెచ్చారు. డ్రైవరు టీ తాగడానికి సెంటర్లోకి వెళ్లాడు. మావయ్యగారు వరండాలో నా కుర్చీలోనే కూర్చొని ఫోను మాట్లాడుతున్నారు, ఇంటి దగ్గర గది సర్దారా లేదా అని. లోపల గదిలో అత్తగారు బట్టలు సంచీలో పెట్టుకుంటున్న చప్పుడు వినపడుతోంది. ఆ గది గుమ్మానికీ కర్టెనే, అవతల ఆవిడ, ఇవతల హాల్లో నేను. మధ్యలో ఎవరూ లేరు. ఏమండీ అని పిలవచ్చు. పిలిస్తే పెరట్లోకి వెళ్లిపోతారేమో, అటునుంచి అటే కారెక్కుతారేమో అనిపించింది. ఎలాగో నోరు తెరిచాను. దగ్గాను.

లోపల చప్పుడు ఆగింది. నేను మళ్లీ దగ్గాను, ఈసారి కాస్త పెద్దగా. ఇంకోసారి.

"దగ్గు అలా ఉండదండీ."

ఆ మాట ఎవరితో అంటున్నారోనని వెనక్కి చూశాను. ఎవరూ లేరు. కర్టెన్ పక్కకి జరిగింది. అత్తగారు చేతిలో మడతపెట్టిన చీరతో నిలబడి ఉన్నారు. నన్ను చూడటం లేదు, నా పక్కనున్న ఫ్రిజ్‌ని చూస్తున్నారు.

"మీ దగ్గు పొట్టలోంచి వచ్చేది. ఇది గొంతులోంచి వస్తోంది. ఇన్నాళ్లు విన్నాను, నాకు తెలీదా."

"దగ్గు కాదండీ," అన్నాను. "మీరు వెళ్లొద్దని చెప్పడానికి."

ఆవిడ ఫ్రిజ్ వైపే చూస్తూ నిలబడ్డారు. "ఉండమని ఎవరూ అనలేదు. మీరు సరేనండీ అన్నారుటగా, వాడు చెప్పాడు."

"అన్నాను. మీకు వెళ్లాలని ఉందేమో అనుకున్నాను."

"నాకేం తెలుసు, మీకు అడ్డం అనుకున్నాను. ఉంటే మాత్రం ఏం వండిపెట్టను మీకు? మీకు ఇష్టమైన కందబచ్చలి ఒక్కటే నాకొచ్చు సరిగా. అదేమో పథ్యంలో పోయింది."

"నాకు కందబచ్చలి ఇష్టమని ఎవరన్నారండీ?"

"మా అమ్మాయే చెప్పేది. వారానికి రెండుసార్లు, ఆయన అడుగుతున్నారమ్మా అని."

"నాతో, అమ్మ ఇష్టపడి చేసింది, వదిలిపెడితే బాధపడుతుంది, తినండి అనేదండీ. నాకు కంద గొంతులో దురదండీ."

అత్తగారు మొదటిసారి ఫ్రిజ్‌ని వదిలి నన్ను చూశారు. నాకూ దురదే అన్నారు. అన్నేళ్లుగా ఆ కూర ఇద్దరం ఒకరికోసం ఒకరం మింగుతున్నాం. గిన్నె అడుగున మిగిలింది ఎవరు ఊడ్చుకొని తినేవారో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆవిడ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు తెలియలేదు. నా సంగతి కూడా నాకు సరిగ్గా తెలియలేదు. ఇంకా ఏమేం అల్లి చెప్పిందో మనకి అని ఆవిడ అన్నారు. అవన్నీ విప్పుకోవడానికి చాలాకాలం పడుతుందండీ అన్నాను.

ఆవిడ చీరని సంచీలో పెట్టలేదు. మంచం మీద పెట్టారు. వరండా వైపు చూసి గొంతు తగ్గించారు.

"వాడితో మీరు చెప్పండి. నేను చెబితే వాదిస్తాడు. చిన్నప్పటినుంచీ వాడు అంతే, మొండివెధవ. రానని చెప్పండి."

నేను వరండాలోకి వెళ్లాను. మావయ్యగారు ఫోను పక్కన పెట్టి, అక్క తయారైందా అన్నారు.

"రావడం లేదంటున్నారండీ. ఇక్కడే ఉంటారట."

"ఎవరన్నారు?"

"ఆవిడే."

"ఎవరితో?"

"నాతోనండీ."

ఆయన నా ముఖంలోకి పరీక్షగా చూశారు. తరువాత తలుపు వైపు చూశారు. "అయితే నాతో ఎందుకు చెప్పదు? ఇంకా ఏమందో చెప్పండి, ఉన్నదున్నట్టు."

ఉన్నదున్నట్టు చెప్పడం మంచిదని నేను జీవితమంతా నమ్మాను. అలంకారాలంటే నాకు గిట్టదు. ఒక్క క్షణం ఆలోచించాను.

"ఎండన పడి వచ్చారు, తమ్ముణ్ణి భోజనం చేసి గాని వెళ్లనివ్వద్దు అన్నారండీ."

మావయ్యగారి ముఖం మెత్తబడింది. చెప్పులు విడిచి, కండువా కుర్చీ మీద వేశారు. "సరే, కూరేంటో కనుక్కోండి" అన్నారు.

కనుక్కోవడానికి లోపలికి వెళ్లాను.